జిరాక్సు కొట్టు దగ్గర కాసేపు



మాది ఐనవిల్లి. అమలాపురం కోర్టులో వకీలుగా పనిచేస్తాను. చట్టం గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోవాళ్లే పొయ్యి మీద ఏదో ఉందని లేచి వెళ్లిపోతారు. అందుకని ఇవాళ మిమ్మల్ని కోర్టుకి కాకుండా ముక్తేశ్వరం సెంటర్లో ఓ జిరాక్సు కొట్టు దగ్గరికి తీసుకెళ్తాను. పదడుగుల గది. ఓ మిషను, ఓ కంప్యూటరు, లామినేషను పెట్టె, గోడకి మా ఊరి సిద్ధి వినాయకుడి కేలండరు. మిషను కింద ఓ అట్టపెట్టె ఉంటుంది. మసగ్గా వచ్చినవీ, వంకరగా పడ్డవీ, సగంలో ఇంకు అయిపోయినవీ అన్నీ అందులోకి పోతాయి. ఆ అట్టపెట్టె సంగతి తర్వాత చెబుతాను.

ముందు కొట్టు మీద బోర్డు చూద్దాం. 'ఇచ్చట జిరాక్సు తీయబడును' అని ఉంటుంది. జిరాక్సు అనేది చేసే పని పేరు కాదు, ఓ అమెరికా కంపెనీ పేరు. ఆ కొట్లో ఉన్న మిషనేమో జపాను వాళ్లది. అయినా మనకి జిరాక్సే. మా మామ్మకి ఏ వనస్పతైనా డాల్డాయే, ఏ సబ్బుపొడైనా సర్ఫే. పేరు ఇంతగా పాకిందంటే కంపెనీకి గొప్పే అనుకుంటాం గానీ, వాళ్లకి ఇది పెద్ద బెంగ. పేరు పదిమంది నోళ్లలో నలిగి నలిగి వస్తువు పేరుగా మారిపోతే, అది మా ఒక్కరిదే అనే హక్కు జారిపోతుంది. జిరాక్సు మాట మన దేశంలో అలాగే అయిపోయింది, రిజిస్టరులోంచి కొట్టేయండని అడిగినవాళ్లూ ఉన్నారు. 2012లో మేధాసంపత్తి అప్పీలు బోర్డు ఒప్పుకోలేదు. కాబట్టి ముక్తేశ్వరం బోర్డు మీద రాసినా సరే, లెక్క ప్రకారం ఆ పేరు ఇంకా ఆ కంపెనీదే.

పేరు మీద ఉండే ఈ హక్కే ట్రేడ్‌మార్కు. రాత మీదా, పాట మీదా, బొమ్మ మీదా ఉండేది కాపీరైటు. మూడోది మన వివరాల మీద మన హక్కు. దాన్ని పుస్తకాల్లో గోప్యత అంటున్నారు. ఊళ్లో ఆ మాట అంటే ఎవరికీ అర్థం కాదు. మావైపు దానికి గుట్టు అని పేరు.

మొన్న వేసవిలో నేను ఆ కొట్లో నిలబడి ఉంటే ఒకామె ఫోనులో ఓ బొమ్మ చూపించింది. 'లాయరు గారూ, ఈ లేబులు బాగుందా అండి?' అంది. పసుప్పచ్చ అంచు, మధ్యలో వినాయకుడు, పైన పెద్దక్షరాలతో 'ఆత్రేయపురం పూతరేకులు'. ఆమె పుట్టిల్లు ఆత్రేయపురం. మా మండలంలో ఓ ఊరి కోడలు. కాపరానికి వచ్చేటప్పుడు సారెతో పాటు రేకులు తీసే కుండ కూడా తెచ్చుకుందట.

'బాగుందమ్మా. కానీ ఆ ఊరిపేరు వేయకూడదు' అన్నాను.

'అదేంటండీ, నేను ఆత్రేయపురం దాన్నేగా?'

'నువ్వు ఆత్రేయపురం దానివే. నీ పొయ్యి మాత్రం ఐనవిల్లి మండలంలో ఉంది.'

ఆమె నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

రేకు తీయడం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. జయ బియ్యం నానబెట్టి, వెన్నలా రుబ్బి, పాలకంటే కాస్త చిక్కగా కలుపుతారు. పెద్ద బొజ్జ ఉన్న కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. కింద కంతలోంచి ఎండు కొబ్బరాకులు ఒక్కొక్కటే తోస్తుంటారు. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే కుండకి అతుక్కుంటుంది. పల్చటి గుడ్డ ముక్కని ఆ పిండిలో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, కుండ వీపు మీద ఒక్కసారి అలా ఈడుస్తారు. గుడ్డ దాటేలోపే వెనక రేకు ఎండిపోతుంది. దాన్ని చిరగకుండా లేపాలి. చేత్తో పట్టుకుంటే అవతలి మనిషి కనిపించాలి, అంత పల్చన. ఆ తర్వాత బెల్లం తురుమో పంచదారో, నెయ్యీ యాలకులూ వేసి చుట్టడం వేరే పని, చాలా చోట్ల వేరే మనుషుల పని. ఒకామె పొయ్యి దగ్గర రేకులు తీసి అమ్ముతుంది, ఇంకొకరు కొని చుడతారు, మరొకరు అట్టపెట్టెలో పెట్టి హైదరాబాదు పంపిస్తారు.

ఈ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీఐ అంటున్నాం కదా, అదే. సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం అని ఓ సంఘం దరఖాస్తు పెట్టింది. విశాఖపట్నంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు వెనకుండి సాయం చేశారు. మిఠాయి సంఘానికి ఆనకట్ట కట్టిన దొర పేరు పెట్టుకోవడం మా గోదావరి వాళ్లకే చెల్లింది. ఆయన్ని తర్పణాల్లో కూడా తలుచుకునేవాళ్లున్నారు, సంఘం పేరు ఎంత.

జీఐ చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. రిజిస్ట్రీ చెన్నైలో. డార్జిలింగ్ టీతో మొదలైంది. 2009లో తిరుపతి లడ్డూకీ మా పక్కనే ఉన్న ఉప్పాడ జామ్దానీకీ వచ్చింది. దీనికీ ట్రేడ్‌మార్కుకీ తేడా ఒక్క మాటలో చెప్పమంటే, ట్రేడ్‌మార్కు నీ పెరట్లో బావి, జీఐ ఊరుమ్మడి చెరువు. బావిని అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు. చెరువుని ఎవరూ అమ్మలేరు. ఊళ్లో ఉన్నవాళ్లందరూ వాడుకోవచ్చు. పై ఊరివాళ్లు ఆ పేరు తగిలించి అమ్మితే మాత్రం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. పూతరేకులు ఎక్కడైనా చేసుకోవచ్చు, ఎవరైనా చేసుకోవచ్చు. ఆత్రేయపురం అనే మాటే ఆత్రేయపురంలో ఉండిపోయింది.

ఇదంతా చెబితే ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. 'మరి చేతులెక్కడివండీ?'

ఇరవై ఏళ్లుగా కోర్టులో నిలబడుతున్నాను. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈ చట్టం మట్టినీ నీళ్లనీ గాలినీ దృష్టిలో పెట్టుకుని పుట్టింది. బంగినపల్లి మామిడికి అది బాగానే అతుకుతుంది, చెట్టు కాపరానికి వెళ్లదు కాబట్టి. పూతరేకు అలా కాదు. బియ్యం ఎక్కడైనా దొరుకుతుంది, కొబ్బరాకు కోనసీమ అంతా ఉంది. ఆ విద్య ఉన్నది చేతుల్లో. అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో. ఆడపిల్ల పెళ్లై వెళ్లిపోతే ఇంటిపేరు పోయినట్టే ఊరిపేరూ పోతుంది. పై ఊరి నుంచి డబ్బు పెట్టుబడితో వచ్చి ఆత్రేయపురంలో షెడ్డు వేసుకుని, పద్ధతి ప్రకారం చేయించి, రిజిస్టరు చేయించుకున్నవాడికి మాత్రం ఆ పేరు దొరుకుతుంది.

ఊళ్లో ఉన్నవాళ్లకైనా అది దానంతటదే రాదు. జీఐ వచ్చింది కదాని ప్రతి పొయ్యికీ హక్కు వచ్చినట్టు కాదు. ఒక్కొక్కరూ 'అధీకృత వినియోగదారు'గా విడిగా పేరు నమోదు చేయించుకోవాలి. దానికి 500 రూపాయలుండే రుసుమును 2020లో పదికి దించారు. పది రూపాయలే. కానీ ఆ కాయితం నింపేది అట్టపెట్టె మీద పేరు అచ్చేసేవాళ్లు గానీ కుండ దగ్గర కూర్చున్నామె కాదు. ఆత్రేయపురం వాళ్లెవరైనా వింటుంటే నా మనవి ఇదొక్కటే. ముందు పొయ్యి దగ్గర ఉన్నవాళ్ల పేర్లు రాయించండి.

ఆమెకి నేను చెప్పింది వేరే. 'నీ సొంత పేరేదో పెట్టుకోమ్మా, ట్రేడ్‌మార్కు వేయిద్దాం' అన్నాను. ఒక్క మనిషైనా చిన్న వ్యాపారమైనా ఆన్‌లైన్లో వేస్తే ఒక తరగతి సరుక్కి 4,500 రూపాయలు, పెద్ద కంపెనీలకి తొమ్మిది వేలు. పదేళ్లుంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. రిజిస్ట్రేషను పూర్తయ్యేదాకా గుండ్రటి గీతలో ఆర్ అక్షరం వేయకూడదు, చట్టం ఒప్పుకోదు. మనవాళ్లు చాలామంది అందంగా ఉందని వేసేస్తుంటారు.

అసలు రిజిస్ట్రేషను కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. తిరునెల్వేలిలో 'ఇరుట్టుకడై హల్వా' అని ఉంది. ఇరుట్టుకడై అంటే చీకటి కొట్టు. మసక దీపం కింద హల్వా అమ్మేవాళ్లు కాబట్టి జనమే ఆ పేరు పెట్టారు. తర్వాత ఇంకొకరు ఆ పేరుకి ముందో మాట తగిలించి అమ్మబోతే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015లో కోర్టు పాత కొట్టువాళ్ల పక్షానే చెప్పింది. రిజిస్టరు చేయించుకున్నవాడి కంటే ముందునుంచీ వాడుకలో పెట్టినవాడి హక్కు పెద్దదని ఆ తీర్పులో ఉంది. అంచేత మన మిఠాయి కొట్లవాళ్లు, పచ్చళ్లవాళ్లు, అప్పడాలవాళ్లు పాత బిల్లు పుస్తకాలని తూకానికి వేసేయకండి. ఏ ఏడు మొదలెట్టారో చెప్పే కాయితమే రేపు మీకు సాక్షి.

ఆ లేబులు మీద వినాయకుణ్ణి చూసి ఇంకో మాట కూడా చెప్పాను. దేవుడి బొమ్మ వేసుకోవచ్చు, ఆ దేవుడు నావాడే అనడానికి లేదు. 2015లోనే అగరొత్తుల మీద 'రామాయణ్' పేరు కోసం ఇద్దరు వ్యాపారులు సుప్రీంకోర్టుకెళ్తే, పవిత్ర గ్రంథం పేరుని ఒక్కరి సొత్తుగా రాసివ్వలేమని చెప్పి పంపేశారు. ఐనవిల్లి చుట్టుపక్కల సిద్ధి వినాయక మెడికల్సు నుంచి సిద్ధి వినాయక టైర్ల దాకా ఎన్ని కొట్లున్నాయో లెక్కపెట్టండి. ఆయన ఎవరి మీదా దావా వేయలేదు.

కాపీరైటుకి వద్దాం. దీన్ని కొంచెం త్వరగా దాటేస్తాను.

పరీక్షల ముందు మా గుళ్లో పెన్నులకి పూజ చేసి పిల్లలకి పంచుతారని మీలో చాలామందికి తెలుసు. అలాంటి పెన్ను జేబులో పెట్టుకుని ఓ డిగ్రీ కుర్రాడు లావుపాటి పుస్తకం మొత్తం జిరాక్సు తీయిస్తున్నాడు. ఇది తప్పా అంటే, సగం సగం. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గర రామేశ్వరి ఫోటోకాపీ కొట్టు మీద పెద్ద పెద్ద విదేశీ ప్రచురణకర్తలు కేసు వేశారు. పాఠం చెప్పడం కోసం, పాఠ్యప్రణాళికలో ఉన్న భాగాలని కలిపి కుట్టిచ్చిన కట్టలు తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. చదువు కోసం అవసరమైనంత వరకు తీసుకోవచ్చు. పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా తీసి పక్క కాలేజీలో అమ్ముకోవడం వేరు.

వినాయకుడి దగ్గర ఇంకో చమత్కారం ఉంది. భారతం చెప్పింది వ్యాసుడు, రాసింది ఈయన. ఇవాళ్టి చట్టం ప్రకారం కాపీరైటు ఎవరిది? చెప్పినవాడిదే. చెప్పింది చెప్పినట్టు రాసిన లేఖరికి ఏమీ రాదు. మా నాన్నగారు దస్తావేజు లేఖరి, ఈ మాట విని ఆయన తెగ నవ్వేవారు. వ్యాసుడికి వినాయకుడు పెట్టిన షరతు అందరికీ గుర్తే, ఘంటం ఆగకూడదని. వ్యాసుడు తిరిగి పెట్టిన షరతు మనం మర్చిపోతాం. అర్థం చేసుకోకుండా ఒక్క అక్షరం రాయకూడదని. దీనికి మళ్లీ వస్తాను.

రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రాసినవి ఇప్పుడు అందరివీ. శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన పాటలు మీ కాలేజీ సంచికలో అచ్చేయాలంటే 2043 చివరి దాకా వారసులని అడగాల్సిందే. పెళ్లిళ్లకీ తీర్థాలకీ పాటలు పెట్టేవాళ్లు మాత్రం భయపడక్కర్లేదు. చట్టంలో 52వ సెక్షను కింద మతపరమైన వేడుకల్లో పాట వినిపిస్తే అది ఉల్లంఘన కాదు. పెళ్లి ఊరేగింపూ పెళ్లికి సంబంధించిన వేడుకలూ కూడా అందులోకే వస్తాయని వివరణ రాసి మరీ పెట్టారు. అయినా పెళ్లిళ్లలో వసూళ్ల మీద ఫిర్యాదులు ఆగకపోతే, 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఆ సంగతి మళ్లీ ప్రకటించింది. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మీ ప్రభ ముందు పాట పెట్టినందుకు ఎవరైనా డబ్బడిగితే, ఆ ప్రకటన చూపించండి.

జిరాక్సు కొట్టువాడే మాకు ఫ్లెక్సీలు కూడా వేస్తాడు. ఓణీల ఫంక్షనుకైనా పుట్టినరోజుకైనా ఓ మూల హీరో ఉండాలి. మొహం ఎవరిది అనే ప్రశ్న ఇప్పుడు కోర్టుల దాకా వచ్చింది. 2025 సెప్టెంబరులో చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు నుంచీ, నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచీ ఉత్తర్వులు తెచ్చుకున్నారు. తమ పేరూ రూపమూ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దని, కృత్రిమ మేధతో దొంగ బొమ్మలు పుట్టించొద్దని. దీనికంటూ మన దేశంలో విడిగా చట్టం లేదు. గోప్యత నుంచి కొంత, ట్రేడ్‌మార్కు నుంచి కొంత, కాపీరైటు నుంచి కొంత తీసుకుని కోర్టులే అతుకులేసి కుడుతున్నాయి. మీ మేనల్లుడి ఫ్లెక్సీ జోలికి ఎవరూ రారు. అదే బొమ్మ వేసి సరుకు అమ్మితే వస్తారు. హీరోకి లాయర్లున్నారు, వెళ్లాడు. మా ఊరి పిల్ల ఫోటో ఎవడో మార్చి పెడితే ఆ పిల్ల ఎక్కడికెళ్లాలి? ముందు 1930కి ఫోను చేయాలి, స్టేషనుకెళ్లాలి. చెప్పడానికి సులువే, ఆ పిల్ల తల్లి స్టేషను గుమ్మం ఎక్కడమే కష్టం.

ఇక గుట్టు.

ఆ కొట్లో రోజుకి ఎన్ని ఆధార్ కార్డులు జిరాక్సు అవుతాయో ఆ దేవుడికే తెలియాలి. పింఛనుకి, సిమ్ముకి, గ్యాసుకి, బడికి, పంట నష్టానికి, లాడ్జీ గదికి. ఆ రోజు ఓ పెద్దాయన నాలుగు కాపీలు తీయించి, నాలుగింటి మీదా సంతకం పెట్టి, తేదీ వేయకుండా ఇచ్చేశాడు. ఎందుకని అడిగితే 'అడిగారండి' అన్నాడు. మనకి అడిగితే చాలు, ఎందుకో అక్కర్లేదు.

మా నాన్నగారి చాపమీద ఓ ఇంకు పెట్టె ఉండేది. సంతకం రానివాళ్లు ఎడమచేతి బొటనవేలు దాంట్లో అద్ది దస్తావేజు మీద ఒత్తేవారు. ఒత్తిన వెంటనే ఆయన 'ఫలానావారి నిశాని' అని పక్కన రాసేవారు. కానీ ముందు దస్తావేజు అంతా పైకి చదివేవారు, హద్దులతో సహా. ఓసారి ఒకామె తొందరపడి వేలు ముందే చాపితే, 'వేలు మీదే గానీ, మాట మీకు తెలియాలిగా' అని చెయ్యి వెనక్కి పెట్టించడం నేను కళ్లారా చూశాను. ఆయనకి చట్టం తెలీదు. వ్యాసుడి షరతు తెలుసు.

ఆ వేలిముద్రకి ఎంత విలువుందో 2018లో తెలిసొచ్చింది. తెలంగాణలో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ములమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోంచి భూముల దస్తావేజులు దింపుకుని, వాటి మీదున్న వేలిముద్రలని రబ్బరు స్టాంపుల్లా అచ్చు తీసి, వాటితో వేల సిమ్ములు చలామణీలోకి తెచ్చాడు. వేలిముద్ర ఇచ్చినవాళ్లకి ఏమీ తెలీదు. పొలం అమ్ముకున్నారంతే. తాళం పోతే మార్చుకుంటాం, ఏటీఎం నంబరు పోతే మార్చుకుంటాం. బొటనవేలు మార్చుకోలేం. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకి తాళం వేసుకునే వీలుంది. మీ పిల్లల చేత ఇవాళే వేయించుకోండి. నంబరులో చివరి నాలుగంకెలే కనిపించే ఆధార్ కాపీ కూడా దొరుకుతుంది, కావలసిన చోట అదివ్వండి. సిమ్ముకి ఆధారే ఇవ్వాలి, ఇంకేదీ కుదరదు అని పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది.

ప్రభుత్వాలు కూడా తక్కువ తినలేదు. 2017లో బెంగళూరుకి చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ లెక్క తీస్తే, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో కలిపి 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు బయటికి కనబడుతూ ఉన్నాయి. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది.

ఈ గుట్టు హక్కు కథలో మన తెలుగు నేల పాత్ర పెద్దదే, చాలామందికి తెలీదు. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలో 73వ సెక్షను మార్చింది. స్టాంపు సుంకం ఎగ్గొడుతున్నారనే అనుమానం మీద, కలెక్టరు పంపిన ఏ మనిషైనా బ్యాంకులోకి వెళ్లి మన కాయితాలు తీసి చూడొచ్చు, రాసుకోవచ్చు, పట్టుకుపోవచ్చు. కెనరా బ్యాంకు ఎదురు తిరిగింది. హైకోర్టు ఆ సెక్షను చెల్లదంది. 2004 నవంబరులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కాయితం బ్యాంకుకిచ్చినంత మాత్రాన గుట్టు పోదు, అది చోటుకి సంబంధించిన హక్కు కాదు, మనిషికి సంబంధించిందని. ఈ ఒక్క వాక్యం నాకు మహా ఇష్టం. నా కాయితం జిరాక్సు కొట్లో ఉన్నా, బ్యాంకులో ఉన్నా, ఎవరి ఫోనులో ఉన్నా దాని గుట్టు నన్నే అంటిపెట్టుకుని ఉంటుందన్నమాట.

అంతకంటే ముందే, 1983లో, నటి సరిత కేసులో మన హైకోర్టు న్యాయమూర్తి పి. ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యని కాపరానికి రమ్మని కోర్టు ఉత్తర్వివ్వడం ఆమె గోప్యతకి భంగమని రాశారు. మరుసటేడే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ మాట కొట్టేసింది. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది, తర్వాతివాళ్లు వెతికి తీసుకున్నారు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చారు. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లావారు జాస్తి చలమేశ్వర్ ఒకరు. కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి. కోనసీమలో ఆ పేరు విన్నవాళ్లుంటారు. మన రాష్ట్ర వెనుకబడిన తరగతుల కమిషన్‌కి ఒకప్పుడు అధ్యక్షుడు ఆయనే. ఎనభై దాటిన వయసులో ఆధార్ మీద కోర్టుకెక్కారు.

దాని వెనకే 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. నియమాలు రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది, 2025 నవంబరులో వచ్చాయి. అవీ ఒక్కసారిగా అమలు కావు. చట్టాన్ని అమలు చేసే బోర్డు ముందు వస్తుంది, అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి. అప్పటి నుంచి మన వివరాలు తీసుకునేవాళ్లు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి. తెలుగులో కావాలంటే తెలుగులో చెప్పాలి, చట్టంలోనే రాసి ఉంది. ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. జాగ్రత్త చేయకపోతే 250 కోట్ల దాకా జరిమానా.

ఆ 250 కోట్లు వినగానే ఓ పెద్దాయన 'మనకెంతొస్తుందండి?' అన్నాడు. ఏమీ రాదు. జరిమానా అంతా కేంద్ర ఖజానాకి పోతుంది. పాత ఐటీ చట్టంలో నష్టపోయినవాడు పరిహారం అడగడానికి ఉన్న సెక్షనుని తీసేయాలని ఈ చట్టంలోనే రాశారు. గేదె మనది, పాలు సర్కారువి.

ఇంకో గుచ్చుకునే సంగతి. మన రాష్ట్రం ఉపాధి హామీలో సామాజిక తనిఖీకి దేశానికే దారి చూపించింది. గ్రామసభలో మస్టరు రోలు పేరుపేరునా పైకి చదివేవారు. కువైట్లో ఉన్నామె పేరు మీద కాలవ తవ్వినట్టుంటే ఊరంతా ఘొల్లున నవ్వేది, దొంగలెక్క అక్కడికక్కడే బయటపడేది. పేర్లు బయటికి చదవడం వల్లే పేదవాడి కూలి నిలబడింది. ఇప్పుడీ డేటా చట్టం పోతూ పోతూ సమాచార హక్కు చట్టాన్ని కూడా తాకింది. వ్యక్తిగత సమాచారమైతే చాలు, ఇవ్వక్కర్లేదని ఆ సెక్షను మార్చేశారు, 2025 నవంబరు నుంచే అమలు. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వచ్చనే వేరే ఉపసెక్షను మిగిలే ఉంది. కానీ ఇచ్చేదీ లేనిదీ తేల్చేది ఆఫీసులో కుర్చీలో ఉన్న మనిషి. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. మా లంకల్లో తిరిగేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఆఫీసుగుట్టు కూడా లంకలకి చేటే. నా గుట్టు కాపాడతామని వచ్చిన చట్టం, మస్టరు రోలుకి పరదా వేయడానికి పనికిరాకూడదు.

ఇంతకీ ఆ అట్టపెట్టె.

ఆ మధ్య ఓ సాయంత్రం కోటిపల్లి వెళ్దామని ముక్తేశ్వరం రేవులో పంటు కోసం నిలబడ్డాను. గట్టు మీద బజ్జీల బండి. నాలుగు మిరపకాయ బజ్జీలు కాయితంలో పెట్టి ఇచ్చాడు. రెండు తిన్నాక కాయితం వంక చూస్తే, ఓ ఆడమనిషి ఫోటో నల్లగా, పక్కన పన్నెండంకెల నంబరు, కింద ఫోను నంబరు, ఓ మూల వేలిముద్ర. ఏదో దరఖాస్తు, వంకరగా పడింది. బండబ్బాయిని అడిగితే 'కాయితాలు కేజీల లెక్కన కొంటానండి, ఆయ్. ఎక్కడివో తెలీదండి' అన్నాడు.

అలా నిలబడే చట్టాన్ని మనసులో తిరగేసుకున్నాను. కొత్త చట్టం డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకి, లేదా కాయితం మీదవి కంప్యూటర్లోకి ఎక్కిస్తే వాటికి మాత్రమే. ఉత్త కాయితానికి వర్తించదు. అంటే మన గుట్టు ఎక్కువగా ఎక్కడుందో, అక్కడికి అది రాదు. ఆమె వేలిముద్ర నా చేతిలో ఉంది, దాని మీద నూనె ఉంది, 250 కోట్ల చట్టానికి దానితో సంబంధం లేదు.

మిగిలిన బజ్జీలు చేతిలోకి తీసుకుని, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పంటు ఎక్కాక ఉండబట్టలేక ఆ నంబరుకి ఫోను చేశాను. అమ్మా, మీ కాయితం ఒకటి బయట దొరికింది, జాగ్రత్తగా ఉండండి అని చెబుదామని.

ఆమె ఎత్తింది. నేను నోరు తెరిచేలోపే కాస్త గట్టిగా అడిగింది.

'ఎవరండీ మీరు? నా నంబరు మీకెవరిచ్చారు?'